ఐదు ముత్యాల పిందె

“నువ్వు పొయ్యి కాడే ఉండు వాసవీ. ఓళిగలు మాడిపోతే నలుగురూ నవ్వుతారు” అని పొద్దున ఆరింటికే చెప్పేసింది మా అత్త వెంకటలక్ష్మమ్మ. ఓళిగలు, అంటే బొబ్బట్లు, మాడిపోవు. పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో కాలుస్తున్నాను, ఒక్కటి మాడలేదు. అసలు సంగతి అది కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజు హాల్లో మా ఆడపడుచు అంజలి శ్రీమంతం. ఏడో నెల. ముత్తయిదువలు ఒక్కొక్కరే వచ్చి గాజులు తొడిగి, చెంపలకు గంధం రాసి, నెత్తిన అక్షింతలు వేస్తారు. బిడ్డను పోగొట్టుకున్నదాని చెయ్యి ఆ గాజుల మీద పడకూడదు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనరు. ఓళిగల మీద పెట్టి అంటారు.

అలవాటైపోయింది లెండి. ఎనిమిదేళ్లుగా పెళ్లిళ్లకు నన్ను తీసుకుపోవడం మానేశారు. “ఎండ శానా ఉండాది, నువ్వెందుకు మ్మే అలిసిపోతావు” అంటాడు మా ఆయన శివప్రసాద్. రాయచోటిలో ఎండ లేని పెళ్లి ఎక్కడైనా ఉందా? ఎండ ఆయనకు తగలదా, అంజలికి తగలదా, నాకే తగులుతుందా? మొదట్లో ఇలాంటివన్నీ మనసులోనే అడుక్కునేదాన్ని. తర్వాత అది కూడా మానేసి, వాళ్లు పోగానే తలుపేసుకుని బొమ్మలు గీసుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ పెళ్లిళ్ల కంటే అదే బాగుండేది. ఇల్లంతా నాదే అనిపించే రోజులు అవే.

పదకొండున్నరకు హాల్లోంచి కేక. “ఓళిగల పళ్లెం తెచ్చి గడప కాడ పెట్టు వాసవీ, అంజలి అత్తగారోళ్లు వచ్చినారు!” గడప కాడ, అంటే దాటి రావద్దని. పళ్లెం పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. అక్కణ్నుంచి నాకు కనిపించేవి వీపులే. అంజలి అటువైపు గోడకు ఆనించిన కుర్చీలో ఉంది. ఆడవాళ్లందరూ దాని వైపు తిరిగి కూర్చున్నారు. ఇన్నేళ్ల తర్వాత ఇంతమంది ఆడవాళ్లను పట్టుచీరల్లో ఒకేచోట చూడటం, అందుకే ఒక్కో జాకెట్టూ నింపాదిగా చూస్తున్నాను. మెడ లోతు, కట్టు, మగ్గం వర్కు, పూసలు. ముందు వరసలో ఆకుపచ్చ జాకెట్టు మీద నా కళ్లు ఆగిపోయాయి.

వీపు మధ్యలో బంగారు జరీతో ఒక బుటా. కింద గుండ్రంగా, నడుమ సన్నబడి, పైకి వెడల్పుగా కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది. దాని నెత్తిన వరసగా ఐదు ముత్యాలు. ఒకటి పెద్దది, నాలుగు చిన్నవి. చిన్నవాటిలో మొదటిది మిగతా వాటికంటే కొంచెం పైకి పోయి ఉంది. ఎవరు చూసినా మామిడి పిందె అనే అనుకుంటారు. మగ్గం వర్కులో వంపు తిరిగిన ప్రతిదీ పిందే కదా. నేను మాత్రం అనుకోలేదు. ఆ బొమ్మను నేను రెండు వందల సార్లకు పైగా గీశాను. అది నా కూతురి కుడి పాదం.

కళ్లు గట్టిగా మూసి తెరిచాను. పోలేదు. పైగా ఇంకోటి కనబడింది, మెరూన్ జాకెట్టు మీద. ఆ పక్కన నీలం జాకెట్టు మీద చిన్నవిగా ఏడెనిమిది, అడుగులేసుకుంటూ పోయినట్టు వీపంతా ఏటవాలుగా. అప్పుడే అంజలి కుర్చీలోంచి లేచి వాళ్ల అత్తకు నమస్కారం చేయడానికి వంగింది. కొంగు జారింది. దాని వీపు మీద అరచేయంత పాదం. ముత్యాలతో, కెంపులతో, చుట్టూ జరీ తీగతో. నన్ను గడప దాటనివ్వని శుభకార్యంలో నా బిడ్డ నడిహాల్లో అందరి వీపుల మీదా తిరుగుతోంది. నవ్వాలో ఏడవాలో అరవాలో తెలియలేదు.

పళ్లెం ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. గడప దాటేశాను. “వాసవీ!” అని అత్త పళ్లు బిగించి పిలవడం వినపడింది. ఆకుపచ్చ జాకెట్టు ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని ఆ ముత్యాల మీద వేలు పెట్టాను. ఆమె ఉలిక్కిపడి తిరిగింది.

“ఈ డిజైను యాడిదక్కా?” అన్నాను.

“అయ్యో, ఏందమ్మా ఇది, మీ అంగడిదే!” ఆమె నవ్వేసింది. “మీ ఆయన గీసిందే కదా. నలభై ఒకటో నంబరు, ఐదు ముత్యాల పిందె. ఈ తూరి ముహూర్తాలకు రాయచోటిలో ఇది లేని పెళ్లికూతురు లేదు. నీకు చెప్పలేదా? మంచి పెళ్లామే నువ్వు!”

అందరూ నవ్వారు. “శివప్రసాదు చేతిలో కళ ఉండాదమ్మా, ఊరికే వస్తాదా అంత పేరు” అంది ఇంకొకామె. మా అత్త వచ్చి నా రెక్క పట్టుకుని లేపింది. “పొయ్యి మీద పాలు పొంగుతాండాయి, పో” అని వంటింట్లోకి నడిపించింది. పొయ్యి మీద పాలు లేవు.

ఇక్కడ కాస్త వెనక్కి పోవాలి. లేకపోతే పాదమేమిటి, పిందేమిటి అంటారు.

నేను పుట్టి పెరిగింది ఆలూరులో. మాది అక్కడ చిన్న కిరాణా అంగడి. అమ్మ చిన్నప్పుడే పోతే మా జేజి, అంటే మా నాయనమ్మ, చెన్నమ్మ పెంచింది. పెళ్లిలో మా నాయన అల్లుడి కాళ్లు కడుగుతుంటే, జేజి నా చెవిలో “ఆ కాలు సూడే, బొటనేలి కంటే పక్కనేలు పొడుగు. పెళ్లాం మాట వినే కాలు కాదది” అని కిసుక్కుమంది. నవ్వాపుకోలేక తల వంచుకుంటే, పెళ్లికూతురు సిగ్గుపడుతోందని ఫొటో తీశారు. కడుపుతో ఉన్నప్పుడు, ఆడపిల్ల పుడితే చెన్నమ్మ అని పెడదామన్నాను. “ఈ కాలంలో ఎవరు పెడతాండారు మ్మే ఆ పేరు? బళ్లో పిల్లను ఏడిపిస్తారు” అని నవ్వాడు మా ఆయన. మంచి నవ్వే. అప్పుడు నేనూ నవ్వాను.

ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. కడపలో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆడపిల్ల. ఆరు గంటలు బతికింది. ఆ ఆరు గంటలూ నేను మత్తులో ఉన్నాను. కళ్లు తెరిచేసరికి మా అత్త తువ్వాల్లో చుట్టి ఎత్తుకుని నా మంచం పక్క నుంచి తలుపు వైపు పోతోంది. “చూపించండత్తా” అన్నాను. “వద్దమ్మా, చూస్తే మర్చిపోలేవు” అంది, నడక ఆపకుండానే. తువ్వాలు అంచులోంచి కుడికాలు బయటికి వచ్చి ఉంది. నేను చూసింది అంతే. ముఖం చూడలేదు, చెయ్యి చూడలేదు. ఆ పాదం చూశాను. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగ్గా ఉంది. అచ్చం వాళ్ల నాన్నది. ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ నాకు చెప్పలేదు. బారసాల దాకా రాని బిడ్డకు పేరుండదని, పేరు లేనిదాన్ని తలుచుకుంటూ కూర్చోకూడదని అన్నారు. ఇంటికొచ్చిన నాలుగో రోజు “కాస్త లేచి తిరిగితే నీకే మంచిది” అని అత్త కూరగాయల బుట్ట ముందు పెట్టింది. బీరకాయలు తరిగాను.

నెల తర్వాత ఒకరోజు అంజలి అడిగిన గోరింటాకు కోనులకని వీధి చివరి పుస్తకాల అంగడికి పోయి, ఎందుకో, బడిపిల్లల డ్రాయింగు పుస్తకం ఒకటి కొన్నాను. అట్టమీద లేబుల్ అచ్చేసి ఉంది. పేరు, తరగతి, బడి అని మూడు గీతలు. అందులో ఏమీ రాయలేదు. మధ్యాహ్నం అంట్లు తోమి, పొయ్యి తుడిచి, అత్త కునుకు తీసే ఆ గంటన్నరలో మొదటి పేజీలో ఆ పాదం గీశాను. కుదరలేదు. మళ్లీ గీశాను. మడమ లావైంది. మళ్లీ. ఎక్కడ మర్చిపోతానోనని భయం. ఫొటో లేదు, కాగితం లేదు, ఆ పిల్ల పుట్టిందనడానికి నా కళ్లు తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు. ఆ పుస్తకం నిండా పాదమే.

ఆ తర్వాత పుస్తకాల్లో వేరేవి వచ్చాయి. సగం కోసిన బూడిదగుమ్మడికాయ, పెనం మీద ఓళిగ పొంగు, అత్త నడుముకున్న తాళం చెవులు, కిటికీ ఊచ మీద తొండ. పక్కన రెండు ముక్కలు రాసుకునేదాన్ని. ‘ఈరోజు చిత్రాన్నంలో ఉప్పు తక్కువని మూడుసార్లు అన్నారు.’ ‘ఎండ. ఎవరూ మాట్లాడలేదు.’ మొదట ఉన్నది ఉన్నట్టు గీస్తాను. పక్క పేజీలో అదే కాస్త చిన్నగా. ఇంకో పేజీలో కొన్ని గీతలు తీసేస్తాను. ఇంకొన్ని తీసేస్తాను. ఏది తీసేస్తే అది కాకుండా పోతుందో అక్కడ ఆగుతాను. మిగిలింది ఒక బుటా అవుతుంది. అలా తాళం చెవుల గుత్తి ఒక పూలరెమ్మ అయింది, తొండ వీపు ఒక అంచు అయింది. ఎవరో అన్న మాట మధ్యాహ్నానికి బొమ్మై, సాయంత్రం టీ పెట్టే వేళకు నొప్పి తగ్గేది. నాకు తెలిసిన మందు అదొక్కటే. అట్లా ఐదు పుస్తకాలు నిండాయి. నాలుగింటి మీద నా పేరు రాసుకున్నాను. మొదటిదాని మీద ఖాళీయే.

మా బట్టల అంగడిలో జాకెట్ల పని మొదలుపెట్టాలనుకుంటున్నప్పుడు రెండు పేజీలు మా ఆయనకు చూపించాను. “టైంపాస్ కు బాగుండాయి” అన్నాడు. ఇంట్లో ఒక మగ్గం చట్రం వేయించండి, నేను నేర్చుకుంటానన్నాను. “మగ్గం ఎక్కితే వంట ఎవరు చేస్తారు?” అన్నాడు. మళ్లీ అడగలేదు. తర్వాత, రెండేళ్ల కిందట, అంగడి పైన గది కట్టించి, షేక్షావలి అనే మంచి పనివాణ్ని పెట్టి, ‘శివప్రసాద్ డిజైన్స్’ అని బోర్డు పెట్టాడు. డిజైన్లు బెంగళూరు నుంచి తెస్తాడనుకున్నాను. మా ఇంటి ఆడవాళ్లు మా అంగడికి పోరు. మా వీధిలో ఆడవాళ్లు వర్కు జాకెట్లు పెళ్లిళ్లకు వేసుకుంటారు గానీ పాలకొచ్చేటప్పుడు వేసుకోరు. నాకెలా తెలుస్తుంది? రెండేళ్లు ఊరంతటికీ తెలిసింది, గీసినదానికి తెలియలేదు.

అత్త నన్ను వంటింట్లో వదిలి పోగానే పడకగదిలోకి పోయి బీరువా తెరిచాను. దుప్పట్ల కింద ఐదు పుస్తకాలూ ఉన్నాయి. నిండిపోయిన పుస్తకం నేను మళ్లీ తెరవను. తెరిస్తే ఆ రోజు వంట చేయలేను. ఆ రోజు తెరిచాను. మొదటి పుస్తకం, ముప్పయ్యో పేజీ. నాకు అన్నిటికంటే బాగా కుదిరిన పాదం. దాని కింద, మూలగా, నీలం బాల్ పెన్నుతో 41 అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంది. పక్కన టిక్కు. మా ఆయన చేతిరాత. రెండో పుస్తకం తీశాను. తాళం చెవుల కింద 12. తొండ అంచు కింద 27. నేను రాసుకున్న ముక్కలు మాత్రం తాకలేదు. ‘ఎవరూ మాట్లాడలేదు’ అన్న దాని పక్కనే 33 ఉంది. అది చదివి ఉంటాడు కదా? చదివి, దాని పక్కనే నంబరు వేసుకున్నాడు. నేను చాలాసేపు మంచం కోడు పట్టుకుని నేలమీదే కూర్చుండిపోయాను. దొంగ పడ్డాడని అరవడానికి కూడా వీల్లేదు, దొంగ భోజనానికి వస్తాడు, నేనే వడ్డించాలి.

మూడింటికి చుట్టాలు పోయారు. అంజలి అలిసిపోయి పైగదిలో పడుకుంది. మా ఆయన చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు, అత్త గోడకు చేరగిలబడింది. నేను విస్తరి వేయలేదు. ముప్పయ్యో పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

“ఈ నంబరు ఎవరు రాసినారు?”

“నేనే.” కొంచెం కూడా తడబడలేదు. అదే నాకు ఎక్కువ భయం పుట్టించింది. “ఏం? బీరువాలో పడి ఉంటే ఏం లాభం? ఎంత పేరొచ్చినాదో ఈరోజు విన్నావు కదా.”

“నన్ను అడగలేదు.”

“అడిగేదేంది మ్మే? కూరలో ఉప్పేసేటప్పుడు నువ్వు నన్ను అడుగుతాండావా? ఇంట్లోదే కదా. నీదీ నాదీ అని వేరే ఉండాదా?”

“మీరు గీసినారని చెప్తాండారంట.”

“మరేం చెప్పాల? మా ఇంట్లో ఆడమనిషి పొయ్యి కాడ కూర్చుని గీసినాదంటే నమ్ముతారా ఎవరన్నా? అన్నం పెట్టు ముందు, ఆకలైతాండాది.”

“ఇదేందో తెలుసా మీకు?”

పుస్తకం వైపు ఒకసారి చూశాడు. “పిందె.”

“పిందెకు ఐదు ముత్యాలెందుకు?”

“స్టయిలు. గీసినదానివి నువ్వు, నన్నడిగితే?”

“ఇది పైకెందుకు పోయింది?” పక్కవేలి మీద వేలు పెట్టి అడిగాను.

“అదా? షేక్షావలి కూడా అదే అడిగినాడు, సమానంగా సర్దుతానని. వద్దు, ఉన్నది ఉన్నట్టు కుట్టు, దాన్లోనే ఉండాది అందం అని నేనే చెప్పినా.” ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది.

“మీ కాళ్లు చూసుకోండి” అన్నాను.

“ఏంది?”

“కాళ్లు. మీవి. చూసుకోండి.”

పీట మీద మఠం వేసుకున్న కాళ్లు. కుడిపాదం పైకి తిరిగి ఉంది. చూశాడు. నా వైపు చూశాడు. పుస్తకం వైపు చూశాడు. మళ్లీ కాలు వైపు. చెయ్యి దానంతటదే వచ్చి ఆ పొడుగు వేలిని కప్పేసింది, ఎవరో చూస్తారన్నట్టు.

పూర్తిగా ముందు అర్థమైంది మా అత్తకే. ఎత్తుకున్నది ఆమే కదా. “అయ్యో… అయ్యో దేవుడా” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడన్నా ఆ బిడ్డ మాట వస్తుందేమోనని చూశాను. “అంజలి వీపు మీద ఉండాది కదరా అది! కడుపుతో ఉండే పిల్ల! విప్పించాల, ఇప్పుడే విప్పించాల. ఎవరికన్నా తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేము. వాసవీ, ఈ మాట ఈ గది దాటగూడదు” అంటూ మెట్ల వైపు పరిగెత్తింది. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మనిషి మెట్లు ఎలా ఎక్కిందో ఏమో.

మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. “నాకు తెలీదు వాసవీ. ఒట్టు. తెలిసుంటే తాకేవాణ్ని కాదు” అన్నాడు. నమ్మాను. తెలియదు, నిజమే. ఎనిమిదేళ్లు పక్కన పడుకున్న మనిషి రోజూ మధ్యాహ్నం ఏం గీస్తోందో అడగలేదు కాబట్టి తెలియదు. ఒక పుస్తకం నిండా ఒకటే బొమ్మ ఎందుకుందో అడగలేదు కాబట్టి తెలియదు. ఆ క్షణంలో ఆయన నా పక్కకు వచ్చి కూర్చుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆయన ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుని, “సరే, నలభై ఒకటి ఆపేద్దాం. అంగడిలో డిజైన్ల ఆల్బంలోంచి తీసేస్తా” అన్నాడు. పుస్తకం పేజీలు తిప్పుతూ, “ఇంకా నెలన్నర ముహూర్తాలుండాయి. దాని బదులుగా… నాలుగో పుస్తకంలో తామరగింజల మాదిరి ఒకటి గీసినావు కదా, ఎర్రగా, అది ఇస్తే…” అన్నాడు.

పాదం వీపుల మీద చూసినప్పుడు కూడా నాకింత దిమ్మ తిరగలేదు. మనిషి చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఈయన చెడ్డవాడు కాదు. ఏడ్చాడు కూడా. ఏడుస్తూనే పేజీలు తిప్పుతున్నాడు. ఆ తామరగింజలు ఏమిటో చెప్పమంటారా? నా నెలసరి ఆలస్యమై, మళ్లీ వచ్చేసిన ప్రతిసారీ ఒక గింజ గీశాను. మొత్తం పదిహేడు.

“అన్నం గిన్నెలో ఉండాది. పెట్టుకోండి” అని లేచిపోయాను.

మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఐదు పుస్తకాలూ గుడ్డసంచిలో వేసుకున్నాను. పొయ్యి వెలిగించలేదు. వాకిట్లో అత్త కూర్చుని ఉంది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. ఆపుతుందనుకున్నాను.

“యాడికి?”

“అంగడికి.”

ఆమె నా సంచి వైపు చూసింది. “తువ్వాలు చిన్నదైపాయ” అంది. నాతో కాదు, నేలతో అన్నట్టు. “మూడుతూర్లు కప్పినా. కప్పేకొద్దీ ఆ కాలు బయటికే వస్తాండె.” అంతే. ఆ మాట మోస్తూ ఎనిమిదేళ్లు ఆమె కూడా ఈ ఇంట్లోనే తిరిగిందని నాకప్పుడే తెలిసింది. ఆమె కాళ్లు పక్కకు తీసి నాకు దారి ఇచ్చింది.

అంగడిలో నన్ను చూసి మా ఆయన పరుపు మీంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. గిరాకీ ముందు ఏమీ అనలేడు. నేను పైగదికి పోయాను. షేక్షావలి చట్రం ముందు ఉన్నాడు. చట్రానికి బిగించిన గులాబీ రంగు బట్ట మీద సగం కుట్టిన పాదం. వేళ్లింకా పెట్టలేదు. సంచిలోంచి పుస్తకం తీసి చూపించి, ఇది నేనే గీశానని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. సూది బట్టకు గుచ్చి పెట్టాడు.

“నాకనిపించినాదమ్మా, ఇది అన్న చెయ్యి కాదని. ఇంకోటి చెప్తా, ఇది పిందె కాదు. కుట్టేటప్పుడు చేతికి తెలుస్తాది. మడమ కాడ దారం తిప్పుతాంటే పాదమే అనిపిస్తాండె. లక్ష్మీపాదమేమో అనుకుంటి. అన్నను అడిగితే పిందె అన్నాడు. సరే అని గమ్మునుంటి.”

కుట్టే చేతికి తెలిసింది. కన్న చేతికి తెలియలేదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది, మొదటిసారి. షేక్షావలి తల తిప్పుకుని దారపు ఉండలు సర్దుకున్నాడు. “ఇది ఈడే ఆపండన్నా” అన్నాను. “ఆపినా తల్లీ” అన్నాడు.

కిందికి వచ్చేసరికి తల్లీకూతుళ్లు ఇద్దరు పరుపు మీద కూర్చుని ఉన్నారు. ఏదో పల్లె నుంచి పొద్దున బస్సుకే వచ్చినట్టున్నారు, చెప్పుల నిండా ఎర్రదుమ్ము. పిల్లకు ఇరవై ఏళ్లుంటాయి. ముందున్న ఆల్బంలో వేలు పెట్టి ఉంది. “ఇదన్నా. నలభై ఒకటి. మా పిన్నమ్మ కూతురి పెండ్లిలో చూసినా. పెండ్లికి అదే కావాల నాకు.”

మా ఆయన నా వైపు చూశాడు. కళ్లతోనే వద్దంటున్నాడు. “అది అయిపోయినాదమ్మా. వేరేవి శానా ఉండాయి” అంటూ ఆల్బం లాక్కోబోయాడు. నేను ముందే దాని మీద చెయ్యి పెట్టాను. పరుపు మీద, ఆయన పక్కనే కూర్చున్నాను.

“దీంట్లో ఉండే బొమ్మలన్నీ నేను గీసినవమ్మా. ఆయనవి కావు” అన్నాను. చెప్పడానికి ఇంత సులువని నాకు తెలియదు. “ఇంక మీదట ఏది కుట్టాలో ఏది కుట్టకూడదో నన్నే అడగాల. ఈ నలభై ఒకటి పిందె కాదు. నా కూతురి పాదం. పుట్టి ఆరు గంటలుండి పోయినాది. నేను చూసింది ఈ కాలొక్కటే. మర్చిపోకుండా గీసి పెట్టుకుంటే, నాకు తెలియకుండా అమ్మినారు.”

“శివశివా” అని పిల్ల తల్లి చెంపలేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని ఆల్బం మీంచి లాగింది. “లేయ్ మ్మే, పోదాం పా. పెండ్లిపిల్లవు, ఇట్లాంటియి వినగూడదు.” మా ఆయన తల వంచుకున్నాడు. ఊరంతా పాకుతుంది ఈ మాట, సాయంత్రానికి బస్టాండు దాకా పోతుంది. పోనీ. నేను ఆల్బంలోంచి ఆ పేజీ చింపుకుని, మడిచి, నా పుస్తకంలో పెట్టుకున్నాను.

పిల్ల లేవలేదు. తల్లి లాగుతున్నా కదల్లేదు. నా వైపే చూస్తోంది, భయంగా కాదు.

“పేరేందక్కా?” అంది.

“నా పేరా? శ్రీవాసవి.”

“కాదు. పాపది.”

ఎనిమిదేళ్లు. అమ్మలక్కలు, డాక్టర్లు, మొక్కులు చెప్పినవాళ్లు, నా చేతి వంట తిని పోయిన చుట్టాలు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు ఆ ముక్క. మా ఆయన జేబులో నీలం పెన్ను ఉంది. తీసుకున్నాను. ఆయన ఆపలేదు. సంచిలోంచి మొదటి పుస్తకం తీసి ఒడిలో పెట్టుకున్నాను. అట్టమీద లేబుల్ పసుపు పచ్చబడింది. పేరు అని ఉన్న చోట, పైకి చదువుతూ, నింపాదిగా రాశాను. చెన్నమ్మ.

దాని కింద తరగతి అని ఉంది. వేళ్లు మడిచి లెక్క చూసుకుని, మూడు అని రాశాను.